కోఠీ రెసిడెన్సీ: మెట్లు, సున్నము

సికింద్రాబాదునకు ఆ పేరు వచ్చిన 1806 ప్రాంతముననే, మూసీనది ఉత్తరపు గట్టున మరియొక కట్టడము పూర్తియైనది. అదియే కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ. ఇచ్చటి దండును, అచ్చటి రాయబారి ప్రాభవమును 1798 నాటి సంధితో బలపడినవే గనుక ఈ రెండింటిని తోబుట్టువులనవచ్చును.

రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ 1803లో పని ఆరంభింపజేసెను. నమూనా గీచినవాడు మద్రాసు సైన్యపు ఇంజనీరు శామ్యూల్ రస్సెల్. వ్యయము నిజాముది. పెద్ద పటము చూపగా నిజాం అలీఖాన్ వలదనెననియు, దానినే చిన్న చీటిపై గీచి చూపగా సరేయనెననియు చెప్పుకొందురు. పని ముగియకముందే, 1805లో, కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించెను.

మేడ పోకడ ఇటలీది. పునరుజ్జీవన కాలపు శిల్పి ఆండ్రియా పల్లాడియో రోమను ఆలయముల స్తంభములను, త్రికోణపు నెన్నొసటిని నివాసగృహములకు తెచ్చెను. 1570లో వెలువడిన అతని గ్రంథము ఇంగ్లండు మీదుగా మన మూసీ గట్టుదాక వచ్చినది.

ఇందు ముఖ్యముగా చూడదగినవి మెట్లు. ఆ యుగమున ఉత్తర ఐరోపా పట్టణపు మేడలు పెక్కింటికి మెట్లు ప్రక్కనంటి కట్టిన బురుజులో ఉండెడివి. అవి ఇరుకైన చుట్టుమెట్లు. 1591 నాటి మన చార్మినారు ఎక్కినవారికి ఆ ఆయాసము తెలియును! పల్లాడియో వంటివారి బాటలో నడచిన శిల్పులు మెట్లను ఇంటి నడుమకు తెచ్చి, వెడల్పు చేసి, గౌరవమిచ్చిరి. రెసిడెన్సీలో లోపలి మెట్లు రెండు పాయలై వంపు తిరిగి పైకేగును. ఒక్కొక్క మెట్టు ఒక్కటే గ్రానైటు రాయియని పూర్వపు వర్ణనలు.

రాయి నిలిచినది; చిక్కు గచ్చుతో వచ్చినది. ముందరి ఎత్తైన స్తంభములు దూరమునకు చలువరాయివలె కనబడినను, ఆ తెలుపు సున్నపు పూతది. సున్నము లోని తేమను వెలికి విడుచును. దానిపై సిమెంటు పూసినచో నీరు లోననే చిక్కి, ఇటుక చివికి, పూత పెచ్చులుగా రాలును. పైకప్పులో నీరు దిగినచో దూలములు పుచ్చును.

1949 నుండి ఈ మేడ మహిళా కళాశాలయైనది. పాఠములు సాగిన గదులే శిథిలమగుచుండగా, 2002లో ప్రపంచ స్మారక నిధి వారు దీనిని ఆపదలోనున్న కట్టడముల పట్టికలో చేర్చిరి. సున్నపు పనితో సాగిన పునరుద్ధరణకు ఇరువది యేండ్లు పట్టినది. ఇది ఆలస్యమే, కాని సిమెంటుతో త్వరగా ముగించుటకంటె మేలని మా అభిప్రాయము.

మారేడుపల్లిలోనో బొల్లారములోనో పాత సున్నపు ఇండ్లు గలవారు, వానకు ముందు గోడ బాగుచేయించునప్పుడు, మేస్త్రీ సిమెంటు బస్తా విప్పకమునుపే పాత పూత దేనితో చేసినదో గీకి చూపుమని అడుగవలెను.