అద్భుత కథలు: చదువదగిన కొన్ని గ్రంథములు

"మంచి పుస్తకమేదైన చెప్పుడు" అని అడుగువారికి కొదవ లేదు. సాంఘిక నవలలనో చరిత్రలనో అడిగినచో వెంటనే రెండు మూడు పేర్లు చెప్పువారును కలరు. కాని మాంత్రికులు, మాయాద్వీపములు, శాపములు, మాటలాడు చిలుకలు గల పుస్తకమును పెద్దవారికి చెప్పవలసి వచ్చినపుడు మాత్రము మనము కొంచెము సంకోచింతుము. "అది పిల్లల పుస్తకము కదా" అని వారు నవ్వుదురేమో యను భయము మనది. ఇక పిల్లవాని చేతిలోనే అట్టి పుస్తకము కనబడినచో, "పాఠములు మాని ఈ కట్టుకథలేల?" అని లాగికొను తల్లిదండ్రులును కలరు. పెద్దలు వలదని, పిల్లలు తగదని విడిచిన పిమ్మట ఆ పుస్తకమును చదువువారెవరు? అందుచేత మాకు ప్రియమైన కొన్ని అద్భుత గ్రంథములను ఇచట పేర్కొని, వానిని ఎందుకు చదువవలెనో, ఏది ఎవరికి తగునో విన్నవింపదలచితిమి.

అద్భుత కథ యనగా ఏమైనను జరుగవచ్చునట్టి కథ యని పలువురి అభిప్రాయము. ఇది సరికాదు. ఏమైనను జరుగవచ్చునన్న కథలో ఏది జరిగినను మనకు పట్టదు. చిక్కు కలిగినపుడెల్ల మంత్రదండమును త్రిప్పి బయటపడు రాకుమారుని గూర్చి చదువరి యేల ఆందోళన పడును? మంచి కథలో అసంభవ విషయము ఒకటి రెండే యుండును. తక్కినదంతయు దానికి కట్టుబడి నడచును. వేయిన్నొక్క రాత్రుల కథలలో మీటను త్రిప్పగానే ఆకసమున కెగురు కొయ్యగుఱ్ఱమొకటి కలదు. దాని నెక్కిన రాకుమారునకు పైకిపోవుట తెలియును గాని, దిగుట తెలియదు. కథ యంతయు ఆ తెలియనితనమునుండియే పుట్టినది. కావున పుస్తకము నెన్నుకొనునపుడు మేము అడుగు ప్రశ్న యొక్కటే: ఈ మాయకు వెల యేమి? దానిని చెల్లించువారెవరు? ఈ ప్రశ్నకు సమాధానము గల పుస్తకము పిల్లలకును పెద్దలకును సమానముగా పనికివచ్చును.

మనకందరకు తెలిసిన బేతాళ కథలను ఈ దృష్టితో చూడుడు. రాజు చెట్టునుండి శవమును దించి భుజమున వేసికొని మౌనముగా శ్మశానమునకు తేవలెను. శవములోని బేతాళుడు దారిలో కథ చెప్పి, తుదకు ధర్మసందేహ మొకటి అడుగును. సమాధానము తెలిసియు చెప్పకున్న రాజు తల పగులును. చెప్పినచో మౌనము చెడి శవము తిరిగి చెట్టెక్కును. అనగా రాజునకు ఆటంకము అతని అజ్ఞానము కాదు, అతని తెలివియే! తుదికథకు మాత్రము సమాధానము తోచక ఊరకుండుటచేతనే అతని కార్యము ముందునకు సాగును. తెలియనిచోట ఊరకుండుట కూడ ఒక విద్యయే యని ఇంతకంటె చక్కగా చెప్పిన నీతిగ్రంథము మాకు కానరాలేదు.

ఈ కథలు నేడు మనకు దొరకుచున్న ప్రాచీన గ్రంథములలో కథాసరిత్సాగరము ముఖ్యమైనది. దానిని పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమందు సోమదేవుడు సంస్కృతమున రచించెను. అతడు అనుసరించినది గుణాఢ్యుని బృహత్కథ. ఆ బృహత్కథ పుట్టుకను గూర్చి సోమదేవుడే ఒక వృత్తాంతము చెప్పియున్నాడు. శాతవాహనరాజు కొలువులోని గుణాఢ్యుడు ఒక పందెమున ఓడి సంస్కృత ప్రాకృత దేశభాషలను విడిచి, పైశాచీభాషలో ఏడులక్షల శ్లోకముల కథను తన రక్తముతో వ్రాసెనట. రాజు దానిని తిరస్కరించెను. కవి కొండమీద అగ్నిగుండమును రగిల్చి, ఒక్కొక్క పత్రమును చదివి నిప్పులో వేయసాగెను. అడవిలోని మృగములు మేత మాని కన్నీటితో వినుచు చుట్టును నిలిచెను. మృగములు చిక్కిపోగా రాజు వంటశాలకు వచ్చు మాంసము ఎండి, రాజునకు వ్యాధి కలిగెను. కారణము విచారించి రాజు పరుగున వచ్చునప్పటికి ఆరులక్షల శ్లోకములు కాలిపోయినవి; ఒక్క లక్ష మాత్రము మిగిలినది. ఇది ఐతిహ్యమే కావచ్చును. కాని బృహత్కథ మూలము నేడు లేదన్నది మాత్రము సత్యము. ఇతరుల నోటను, ఇతరుల కలమునను నిలిచినంత మేరకే అది మనకు దక్కినది.

తెనుగు కావ్యములలో అద్భుత కథను కోరువారు తప్పక చదువవలసినది పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయము. ఇది పదునారవ శతాబ్దపు గ్రంథము, ఎనిమిది ఆశ్వాసములు. ప్రసిద్ధమైన పురాణకథను గ్రహింపక, కవి తానే కథను కల్పించుకొనెను. ద్వారకలోని కలభాషిణి, నారదుని శిష్యుడగు మణికంధరుడు, రంభ, నలకూబరుడు ఇందలి పాత్రలు. ఒకచో నిజమైన రంభయు, రంభరూపము ధరించిన కలభాషిణియు ఎదురుపడి కలహింతురు. ఇతరుల రూపమును ఎరువు తెచ్చుకొన్నవారు ఆ రూపముతోడి చిక్కులను కూడ మోయవలసినదే. కథకంతకును మూలము బ్రహ్మ సరస్వతికి ఏకాంతమున చెప్పిన ఒక వృత్తాంతము. అది అప్పటికింకను జరుగలేదు. కాని బ్రహ్మ నోట వెలువడిన మాట జరుగక తప్పదు. కథగా చెప్పబడినవారు దానిని బ్రదుకవలసివచ్చెను. మాటకు ఇంత వెల కట్టిన కథ అరుదు. దీనిని వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలసి ఆంగ్లమున అనువదింపగా 2002లో వెలువడినది. సంఘటనలు ముందువెనుకలుగా నడచును గనుక క్రొత్త చదువరి పాత్రల పేర్లను ఒక కాగితముమీద వ్రాసికొని చదువుట మేలు. పద్యము కష్టమనిపించినచో వ్యాఖ్యానముతో మొదలిడుటలో తక్కువతనమేమియు లేదు.

వచనమును కోరువారికి మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు కలవు. మొత్తము పండ్రెండు భాగములు. మణిసిద్ధుడను యతి కాశీయాత్రకు తోడుగా గోపడను పసులకాపరి కుఱ్ఱవానిని తీసికొనిపోవును. దారిలో తాను చూచిన వింతను గూర్చి అడిగినచో దాని కథను మజిలీలో చెప్పవలెనని గోపడు ముందుగనే నియమము పెట్టును. యాత్రకు తోడు కావలెనన్న కథయే కూలి! ఇందలి వర్ణనలు కొన్నిచోట్ల దీర్ఘములు, కొన్ని పునరుక్తములు. ఏకబిగిని చదివినచో విసుగు పుట్టవచ్చును. గోపడు విన్నట్లే మనమును పూటకొక మజిలీగా చదువవలెను.

"ఈ శాస్త్రయుగమున గంధర్వుల కథలేల?" అనువారికి మేము విశ్వనాథ సత్యనారాయణగారి 'హాహా హూహూ' అను చిన్న పుస్తకమును చేతికిత్తుము. గుఱ్ఱపు తలయు మనుష్యదేహమును గల గంధర్వుడొకడు లండను నగరమందలి ట్రఫాల్గర్ స్క్వేరులో పడియుండును. వాడు మాటలాడునది సంస్కృతము. నగరవాసులు వానిని బంధించి పరీక్షింపబూనుదురు. క్రమముగా పరీక్షకు లోనగుచున్నది గంధర్వుడా, పరీక్షించువారి విజ్ఞానమా యను సందేహము మనకు కలుగును. నవ్వించుచునే ఆలోచింపజేయు పుస్తకమిది. దీని ఆంగ్లానువాదము 2018లో వెలువడినది.

పిల్లలకు మా మొదటి సిఫారసు చందమామ ధారావాహికలు. 1947 జూలైలో మదరాసున ఆరంభమైన ఆ పత్రిక నేడు వెలువడుట లేదు. కాని అందు దాసరి సుబ్రహ్మణ్యము వ్రాసిన తోకచుక్క, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గము, శిథిలాలయము, మాయాసరోవరము మొదలగు కథలను మఱచినవారు అరుదు. వీనిలో వాక్యములు చిన్నవి, నడక వేగము గలది. దురాశకు లోనైన మాంత్రికుడు తన దురాశచేతనే చెడుట కుఱ్ఱవాడు ఇందు కన్నులార చూచును. ఎవరును ఉపన్యసింప నక్కరలేదు.

ఆంగ్లము చదువగలవారికి మరి మూడు పేర్లు చెప్పుదుము. మొదటిది లూయీ కారల్ 1865లో ప్రకటించిన ఆలిస్ కథ. ఆయన ఆక్స్‌ఫర్డులో గణితోపాధ్యాయుడు. తలక్రిందులైన తర్కమే ఇందలి మాయ. రెండవది ఆక్స్‌ఫర్డులోనే ఆచార్యుడైన టోల్కీన్ రచన. 1937 నాటి 'హాబిట్' బాలురకు. 1954-55లలో మూడు సంపుటములుగా వచ్చిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' పెద్దలకు. లోకములోని కథలలో వీరులు సాధారణముగా నిధిని సంపాదించుటకు బయలుదేరుదురు. ఈ పెద్దకథలో మాత్రము చేతనున్న ఉంగరమును నాశనము చేయుటకు బయలుదేరుదురు. ధరించినవానిని అదృశ్యుని చేయు ఆ ఉంగరము వాని మనస్సును కొంచెము కొంచెముగా తినివేయును.

మూడవది అర్సులా లె గ్విన్ 1968లో ప్రకటించిన 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. గెడ్ అను మేకలకాపరి బాలుడు మంత్రవిద్యలో అసమానుడగును. సహాధ్యాయితో పంతమాడి, తన శక్తిని చూపుటకై మృతులలోని ఒకరిని పిలుచును. ఆ తెఱచిన ద్వారమున ఒక నీడ లోకములో ప్రవేశించును. దానిని త్రోసి బాలుని కాపాడిన వృద్ధ గురువు ప్రాణములు విడుచును. ఆ పిమ్మట బాలుడు ఆ నీడనుండి పాఱిపోవుటయు, తుదకు తానే దానిని వెంటాడుటయు కథ. ఆ నీడ ఎవరో మేము చెప్పము. పరీక్షలో మొదటివాడు కావలెనని తహతహలాడు కుఱ్ఱవాని యింట ఈ పుస్తకముండుట మంచిది.

పుస్తకమును ఒకరికి చెప్పుటకును ఒక మర్యాద కలదు. పది పేర్లు ఒక్కసారి చెప్పినచో అడిగినవాడు ఒక్కటియు చదువడు. వానికి తగినది ఒక్కటి చెప్పుడు. కథ యంతయు చెప్పవలదు. చిక్కు మొదలగుచోట ఆగుడు. తెచ్చుకొన్నవాడు ముప్పది పుటలు చదివి మూసివేసినచో నిందింపక మరియొకటి చెప్పుడు. అందఱికి అన్ని మాయలు రుచింపవు.

రేడియో గల యింటివారికి కథను చెవితో విను ఓర్పు ఎట్లును అలవడియే యుండును. రాత్రి కార్యక్రమములు ముగిసిన పిమ్మట ఒక పావుగంట, ఇంటిలో ఒకరు చదువగా తక్కినవారు విందురు గాక. కన్నులు సరిగా కానరాని తాతగారికి కాశీమజిలీ ఒకటి, పిల్లలకు రాకాసిలోయలో ఒక ప్రకరణము. చదువుట పిల్లలవంతు చేసినచో వారికి ఉచ్చారణయు కుదురును. ఈ పావుగంట ఒక నెల నడచిన పిమ్మట "కట్టుకథలేల?" అని మొదట అడిగినవారే "నిన్న ఎక్కడ ఆపితిమి?" అని అడుగుదురు. అప్పుడు ఆ పుస్తకమును అలమారలో లోపల పెట్టక, అందఱి చేతికి అందుచోట ఉంచుడు.