ఏకపక్ష ప్రేమ – ఆత్మగౌరవం

ప్రేమను గురించి వ్రాసిన కవులు మన భాషలలో లెక్కకు మిక్కిలిగా ఉన్నారు. అయితే వారిలో అనేకులు పరస్పర ప్రేమను గాక, ఒక వైపు మాత్రమే రగిలే ప్రేమనే ఎక్కువగా గానం చేసినారు. దీనిని ఉర్దూలో యక్‌తర్ఫా మొహబ్బత్ అంటారు. తెలుగులో ఏకపక్ష ప్రేమ అనవచ్చును. గజల్ చదివే మిత్రులకు ఈ లోకం సుపరిచితమే. అక్కడ ఆషిక్ అహర్నిశలు విలపిస్తూ ఉంటాడు. రకీబ్, అనగా ప్రతిస్పర్ధి, మధ్యలో తిరుగుతూ ఉంటాడు. మాషూక్ మాత్రం పట్టించుకొనరు. ఆ నిర్లక్ష్యానికి తగాఫుల్ అని ప్రత్యేకంగా ఒక పేరు కూడా ఉన్నది. చిత్రమేమనగా, శతాబ్దాల ఈ సంభాషణలో మాషూక్ తన పక్షాన చెప్పుకొన్నది బహు స్వల్పం.

కవిత్వంలో రమణీయంగా కనిపించే ఈ స్థితి పద్దెనిమిది, ఇరవై ఏండ్ల విద్యార్థి జీవితంలోకి వచ్చినప్పుడు అంత రమణీయంగా ఉండదు. నిద్ర కరువవుతుంది, తరగతిలో హాజరు తగ్గుతుంది, స్నేహితులు దూరమవుతారు. వీటన్నిటికంటె హానికరమైనది మరొకటి ఉన్నది. “నాలో ఏదో లోపమున్నది, కనుకనే నన్ను కాదన్నారు” అనే భావం మనస్సులో పాతుకొనిపోతుంది. ఈ భావం ఎంతవరకు సత్యమో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయాన్ని స్వానుభవంతో విచారించినవాడు ఫ్రెంచి రచయిత స్టెంధాల్ (1783–1842). అది అతని కలంపేరు. అసలు పేరు ఆన్రీ బేల్. 1818లో ఇటలీలోని మిలాన్ నగరంలో మెటిల్డా దెంబోస్కీ అనే వనితను అతడు ప్రేమించినాడు. ఆమె భర్తనుండి విడిపోయి, ఇద్దరు కుమారులను పెంచుకొంటున్న గౌరవనీయురాలు. ఆమెకు ఇతనిపై అటువంటి భావమే లేదు. 1819లో ఆమె తన పిల్లలను చూడడానికి వోల్తెర్రా అనే ఊరికి వెళ్ళగా, స్టెంధాల్ తన్నెవరూ గుర్తుపట్టకుండా ఆకుపచ్చ కళ్ళద్దాలు తగిలించుకొని వెంట వెళ్ళినాడు. ముప్పై ఆరేండ్ల వయస్సువాడు, నెపోలియను సైన్యంతో రష్యాదాకా పోయి వచ్చినవాడు, పచ్చ కళ్ళద్దాల చాటున దాగవలసి వచ్చింది! ఆమె గుర్తించనే గుర్తించింది, ఆగ్రహించింది. తరువాత అతని రాకపోకలను బాగా తగ్గించివేసింది. 1821లో అతడు మిలాన్ విడిచిపోయినాడు. ఆ వేదనలోనుండి పుట్టిన గ్రంథం ‘ప్రేమను గురించి’ 1822లో వెలువడింది.

అందులో ఒక ఉపమానమున్నది. ఆస్ట్రియా దేశంలో సాల్జ్‌బర్గ్ సమీపాన ఉప్పు గనులున్నాయి. ఆకులు రాలిన ఎండు కొమ్మనొకదానిని పాడుబడిన గనిలో పడవేసి రెండు మూడు నెలల తరువాత తీసి చూస్తే, దాని ప్రతి చిన్న రెమ్మా వజ్రాలు పొదిగినట్లు స్ఫటికాలతో తళతళలాడుతుందట. మొదటి కొమ్మను ఇక పోల్చుకొనలేము. ప్రేమించినవాని మనస్సు కూడా ప్రియమైన వ్యక్తిపై ఇట్లే ప్రతి దినం క్రొత్త క్రొత్త సుగుణాలను పేరుస్తూ పోతుందని స్టెంధాల్ సిద్ధాంతం. దీనికి అతడు స్ఫటికీకరణం అని పేరు పెట్టినాడు.

ఈ ఉపమానం చదివినవారు సాధారణంగా కొమ్మవైపే చూస్తారు. ప్రియురాలిలో లేని గుణాలను ప్రేమికుడు ఊహించుకొన్నాడని నవ్వుకొంటారు. నేను గనివైపు చూడమంటాను. ఆ ఉప్పు ఎవరిది? కొమ్మది కాదు, గనిది. ఒక మనిషిలో అంతటి సౌందర్యాన్ని, సౌజన్యాన్ని చూడగలిగిన మనస్సు దరిద్రమైనదెట్లా అవుతుంది? కాదన్నవారు తమ దారిన తాము వెళ్ళినంత మాత్రాన గనిలోని ఉప్పు తరిగిపోదు.

ఆధునిక మనస్తత్వ శాస్త్రజ్ఞులు కూడా దీనిని పరిశీలించినారు. అమెరికాకు చెందిన డోరతీ టెనోవ్ 1979లో ప్రచురించిన గ్రంథంలో ఇటువంటి వ్యామోహం ఆశ, అనిశ్చితి అనే రెండింటి మీద ఆధారపడి బ్రతుకుతుందని వివరించినారు. కనుక స్పష్టంగా చెప్పిన ‘కాదు’ క్రూరత్వమని భావించనక్కరలేదు. వ్యామోహానికి ఆహారాన్ని నిలిపివేసే మాట అది. “ఇంకొక్కసారి ప్రయత్నించి చూడరా” అని ప్రోత్సహించే మిత్రులే తెలియక ఎక్కువ హాని చేస్తారు. 2010లో హెలెన్ ఫిషర్ బృందం తిరస్కృతులైన పదిహేనుమంది మెదడును చిత్రీకరించగా, కాదన్నవారి ఛాయాచిత్రం చూసినప్పుడు మాదకద్రవ్య వాంఛతో సంబంధమున్న భాగాలు చైతన్యవంతమైనట్లు తేలింది. మరచిపోలేక బాధపడే విద్యార్థిని బలహీనుడని నిందించడం, దీనినిబట్టి, అన్యాయమే.

ఇక మాషూక్ పక్షం. రాయ్ బౌమైస్టర్, ఆయన సహచరులు 1993లో ప్రచురించిన పరిశోధనలో కాదన్నవారి అనుభవాలను కూడా సేకరించినారు. ప్రేమించినవారు బాధతోపాటు కొంత తీపి కూడా గుర్తుచేసుకొన్నారు. కాదన్నవారికి మిగిలినవి ఎక్కువగా అపరాధభావం, చికాకు, ఏమి చేయాలో తోచని స్థితి. ప్రేమికుడు ఎట్లా ప్రవర్తించాలో నవలలు, చిత్రాలు నేర్పుతాయి. కాదనేవారికి మాత్రం ఏ పాఠమూ లేదని వారి అభిప్రాయం. మన తెలుగు చిత్రాలలో నాయిక మూడవ పాటకల్లా ఔననడం మనకు తెలిసినదే కదా! ఆ పాఠం ఎక్కడికి దారితీయగలదో 2008 డిసెంబరులో వరంగల్లులో చూచినాము. ప్రేమను నిరాకరించిన కారణంగా ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై యాసిడ్ పోసినారు. వారిలో ఒకరు మరణించినారు. వద్దన్న తరువాత వెంటపడడం 2013 నుండి ప్రత్యేక నేరం. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను క్రిందికి వస్తుంది.

తన విలువ తాను తెలిసికొనడమంటే అహంకరించడం కాదు. ‘ఖుదీ’ అనే మాట ఉర్దూలో గర్వమనే నిందార్థంలో వాడుకలో ఉండగా, ఇక్బాల్ 1915లో ‘అస్రారె ఖుదీ’ కావ్యంలో దానికి ఆత్మస్ఫూర్తి అనే క్రొత్త అర్థాన్నిచ్చినాడు. ప్రేమవలన ఖుదీ బలపడుతుందని, యాచనవలన క్షీణిస్తుందని అందులో ప్రతిపాదన. ఇక్బాల్ ఉద్దేశించిన ప్రేమ యువతీయువకుల ఆకర్షణ కాదు, చాల విశాలమైనది. ఐనప్పటికీ ఈ విచక్షణ మనకిక్కడ పనికివస్తుంది. ప్రేమించినందువలన ఎవరూ చిన్నవారు కారు. ఆ ప్రేమను భిక్షగా అడుగుతూ నిలబడినప్పుడే మనిషి క్రుంగిపోతాడు.

నేనెరిగిన ఒక విద్యార్థి ఉర్దూ మాధ్యమంలో చదివినవాడు. సాహితీ సమితిలో తెలుగు పద్యాలు చక్కగా చదివే ఒక అమ్మాయి మెప్పుకోసం తెలుగు కవిత్వం నేర్చుకొనడానికి పూనుకొన్నాడు. దాశరథి ‘గాలిబ్ గీతాలు’ తెచ్చుకొని, మూలంతో పోల్చుకొంటూ రెండు నోటుపుస్తకాలు నింపినాడు. ఆమె మర్యాదగానే కాదన్నది. ఇతడు నోటుపుస్తకాలు తెచ్చి నా బల్లమీద పడవేసి, “ఇవి ఇక ఎందుకు సార్, ఆమెకోసమే కదా వ్రాసినాను” అన్నాడు. “ఎవరికోసం వ్రాస్తేనేమి నాయనా, తెలుగు ఇప్పుడెవరికి వచ్చింది?” అని అడిగినాను. జవాబు చెప్పలేదు, పుస్తకాలు కూడా తీసుకొనిపోలేదు. రెండు నెలలు అవి నా బీరువాలోనే ఉన్నవి. ఒకనాడు వచ్చి, వాటిలో ఒక మాటకు అర్థం చూసుకోవాలని అడిగి తీసుకొనిపోయినాడు.

గజల్‌లో చివరి షేర్‌ను మక్తా అంటారు. అంతవరకు మాషూక్‌ను తలచుకొంటూ వచ్చిన కవి అక్కడ తన తఖల్లుస్‌ను, అంటే తన కలంపేరును, నిలుపుకొంటాడు. ఆ విద్యార్థి ఈ సంవత్సరం తెలుగులో ఒక గజల్ వ్రాసి చూపించినాడు. మక్తాలో పేరున్నది. రెండవ పంక్తిలో నడక కొంచెం తప్పింది. గుర్తుపెట్టి, సరిచేసుకొని రమ్మన్నాను.