వార్త చేతులు మారునప్పుడు

దత్తమండలమునకు పూర్వము ప్రధాన కలెక్టరుగా నుండిన సర్ థామస్ మన్రో, మద్రాసు గవర్నరుగా పర్యటించుచు 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో కలరా సోకి మరణించెను. నాటికి మన దేశమున తంతి లేదు. ఎంతటి వార్తయైనను తపాలా బంట్రోతుల చేతులు మారుచు మజిలీ మజిలీగా పోవలసినదే. ఒకడు సంచిని దించి వెడలిపోయి, రెండవవాడు అందుకొనకున్నచో, వార్త నడిదారిలో నిలిచిపోవును.

నేడు కంప్యూటర్ల నడుమ జరుగుచున్నదియు ఇట్టి వ్యవహారమే. పత్తికొండ మార్కెట్టులో టమోటాలు అమ్మిన రైతుకు సొమ్ము చెల్లింపుమని ఒక యంత్రము ఆజ్ఞ వ్రాసినదనుకొనుడు. రైతు ఖాతా గల బ్యాంకు యంత్రమునకు ఆ క్షణమున తీరిక లేకపోవచ్చును. అది పనిచేయకయే ఉండవచ్చును. కావున ఆజ్ఞను ఒక వరుసలో నిలిపియుంతురు. దానినే క్యూ అందురు. ఒకరి క్యూలోని సందేశమును మరియొకరి క్యూకు చేరవేయు సాఫ్ట్‌వేరునకు మిడిల్‌వేర్ అని పేరు. మధ్యవర్తి యన్నచో మనకు చాలును. ఐ.బి.ఎం. వారి ఎంక్యూ సిరీస్ అట్టిదే. అది 1993లో వెలువడెను.

ఒకచోట తీసి మరియొకచోట పెట్టుటలో కష్టమేమున్నదని తోచును. చిక్కంతయు ఆ రెంటి నడుమనున్న క్షణములోనే కలదు. మొదటి క్యూలో చెరిపి, రెండవదానిలో వ్రాయకమునుపే విద్యుత్తు పోయినదా, రైతు సొమ్ముకు దిక్కు లేదు. అందుచేత రెండవ క్యూ నుండి ‘ముట్టినది’ అను రసీదు వచ్చువరకు మొదటి ప్రతిని చెరుపరాదు. మరి సందేశము చేరి, రసీదు మాత్రమే దారిలో పోయినచో? మధ్యవర్తి చేరలేదనుకొని మరల పంపును. రైతుకు రెండు మారులు జమ యగును. ఆనక బ్యాంకువారు ఒకటి వెనుకకు తీసికొందురు. ఆలోపల అతడు దానిని ఎరువులకో విత్తనములకో వెచ్చించి యుండును.

అయినను పోగొట్టుటకంటె రెండు మారులు పంపుటయే మేలని నిర్మాతలు సాధారణముగా ఎంచుదురు. ప్రతి సందేశమునకు ఒక సంఖ్య నుంచి, ఒకసారి వచ్చిన సంఖ్య మరల వచ్చినచో త్రోసిపుచ్చుదురు. ఆ సంఖ్యను మొదట పంపువాడే వేయవలెను. మధ్యవర్తి పంపినప్పుడెల్ల క్రొత్త సంఖ్య వేసినచో అంతయు వ్యర్థము.

ఖాతా సంఖ్య తప్పినవి మొదలగు సందేశములు ఎన్ని మారులు పంపినను చెల్లవు. అవి తక్కినవాటికి అడ్డుపడకుండ ‘డెడ్ లెటర్ క్యూ’ అను వేరొక వరుసలో వేయుదురు. విలాసము దొరకని ఉత్తరములు చేరు తపాలా కార్యాలయమునకు పూర్వముండిన పేరే ఇది. అచ్చట ఉత్తరమును విప్పి చూచుటకు గుమాస్తా యుండెడివాడు. ఈ క్యూను దినదినము తెరచి చూచువాడు లేనిచో, రైతు సొమ్ము పోయినట్లు ఏ లెక్కలోను కనబడదు. అతని చేతికి మాత్రము రాదు.