అన్వేషణ యంత్రము, ప్రజల నమోదులు: పుదుచ్చేరి పేర్ల దృష్టితో ఒక పరిశీలన

వెదకువానికిని వెదకబడు వస్తువునకును నడుమ నిలిచి త్రోవ చూపుట అన్వేషణ యంత్రము పని. 1998లో కాలిఫోర్నియాలో ఏర్పడిన గూగుల్ కంపెనీ తొలి యేండ్లలో ప్రధానముగా ఈ పనినే చేయుచుండెను. ఇతరులు తమ తమ వెబ్‌సైట్లలో వ్రాసికొనిన దానిని యంత్రముచే చదివించి, పదసూచి కట్టి, అడిగినవారికి చూపెడిది. పుటలు ఇతరులవి, సూచిక కంపెనీది. గ్రంథాలయములోని పట్టికకును అందలి గ్రంథములకును గల సంబంధము వంటిదే ఇదియును.

2005 నవంబరులో ఈ సంబంధము మారెను. ఆ నెలలో కంపెనీ ‘గూగుల్ బేస్’ అను సేవను ప్రారంభించెను. సొంత వెబ్‌సైటు లేనివాడు సైతము తన యొద్దనున్న సమాచారమును నేరుగా కంపెనీ భాండారమునకే పంపవచ్చును. అద్దె ఇల్లు, పాత కారు, ఉద్యోగ ప్రకటన, వంటకము చేయు విధానము, ఏదైనను సరే; రుసుము లేదు. ఈ సేవ పేరు అక్టోబరులోనే బయటపడగా, అమెరికా పత్రికలు దీనిని చిన్న ప్రకటనల వ్యాపారమునకు వచ్చిన ముప్పుగా వర్ణించినవి. ఈబే, 1995లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన క్రెయిగ్స్‌లిస్ట్ వంటి సంస్థలు ఏమగునన్న చర్చ సాగెను. వ్యాపారదృష్టితో అది సహజమే. భాషాపరిశోధకునకు ఇందులో వేరొక ప్రశ్న కలదు: ఇతరులు వ్రాసినదానిని చూపువాడు, ఇతరులచేత తన పుస్తకములో వ్రాయించుకొనువాడైనపుడు, పేర్ల గతి యేమి?

పుదుచ్చేరి చరిత్ర తెలిసినవారికి ఇట్టి మధ్యవర్తి క్రొత్తవాడు కాడు. ‘ద్విభాషి’ నుండి వచ్చిన ‘దుబాసీ’ అను మాట ఆ పట్టణమున ఒక గొప్ప పదవికి పేరు. 1747లో డూప్లే కాలమున ముఖ్య దుబాసీ పదవిని పొందిన ఆనందరంగపిళ్ళ 1736 నుండి 1761లో మరణించువరకు తమిళమున దినచర్య వ్రాసెను. తెలుగువారికి ఆయన మరొక విధముగా పరిచితుడు. కస్తూరి రంగకవి రచించిన ‘ఆనందరంగరాట్ఛందము’ ఆయనకు అంకితమైన లక్షణగ్రంథము. దుబాసీ ఫ్రెంచివారికిని దేశీయ వర్తకులకును నడుమ మాట చేరవేయువాడు; ఆనందరంగపిళ్ళ అదే సమయమున స్వయముగ వర్తకుడును. ఆ మహనీయునిపై నింద మోపుట నా ఉద్దేశము కాదు. ఆ స్థానమునందే ఒక చిక్కు కలదని మాత్రము చెప్పవలసియున్నది: మధ్యవర్తికి సొంత గిడ్డంగి యున్నపుడు, కొనవచ్చినవానికి ముందుగా ఎవరి సరకును చూపును?

ఈ చిక్కే పిమ్మట న్యాయస్థానములకు ఎక్కెను. సొంత సరకుల పోలిక సేవను ముందు నిలిపి, పోటీదారుల సేవలను వెనుకకు నెట్టినందులకు 2017 జూన్‌లో యూరపు సంఘపు కమిషను గూగుల్‌నకు 242 కోట్ల యూరోల జరిమానా విధించెను. 2024 సెప్టెంబరులో యూరపు సంఘపు న్యాయస్థానము దానిని ఖాయపరచెను. మన దేశమున పెండ్లి సంబంధముల వెబ్‌సైటు నడపు చెన్నై సంస్థ యొకటియు, ఒక వినియోగదారుల సంఘమును చేసిన ఫిర్యాదులపై 2018 ఫిబ్రవరిలో భారత పోటీ కమిషను 135.86 కోట్ల రూపాయల జరిమానా విధింపగా, కంపెనీ అప్పీలు చేసెను.

ఇక పేర్ల సంగతి. గూగుల్ బేస్‌లో వస్తువును నమోదు చేయువాడు ముందుగా అది ఏ జాతి వస్తువో చెప్పవలెను. తరువాత దాని లక్షణములను ఒక్కొక్క గడిలో నింపవలెను: ధర, ఊరు, గదుల సంఖ్య, ఇత్యాదులు. ఉన్న గడులు చాలనిచో క్రొత్త లక్షణమును తానే కల్పించి పేరు పెట్టుకొనవచ్చును. ఇది ఆ సేవలోని విశేషము. నిఘంటుకారుడు ప్రయోగములను సేకరించి తాను ఆరోపములను నిర్ణయించును. ఇచట ఆరోపమును ప్రయోక్తయే వ్రాసి పంపును. ఒకడు ‘గదులు’ అనును, వేరొకడు ‘పడకగదులు’ అనును, మూడవవాడు ‘పోర్షను’ అని ముగించును. మూడును ఒక్కటే యని మానవునకు తెలియును. యంత్రమునకు ఎవరైనను చెప్పవలెను. పర్యాయపదముల సమస్య ఇట్లు కవిత్వమును విడిచి అద్దె ఇండ్లకు వచ్చినది!

‘ఊరు’ అను గడిని పుదుచ్చేరితో పరీక్షించి చూతము. గూగుల్ బేస్ పుట్టిననాడు ఆ కేంద్రపాలిత ప్రాంతపు అధికారనామము పాండిచ్చేరి. సంవత్సరము నిండకమునుపే, 2006 అక్టోబరు 1 నుండి, పార్లమెంటు చేసిన చట్టముచే అది పుదుచ్చేరి యైనది. క్రొత్త పేరు అనుటకంటె తమిళుల నోట నిలిచియున్న పాత పేరే అధికారమునకు వచ్చినదనుట మేలు. కాని 1985లో స్థాపింపబడిన కేంద్ర విశ్వవిద్యాలయము నేటికిని పాండిచ్చేరి విశ్వవిద్యాలయమే. తెలుగువారి సంభాషణలో ఇప్పటికిని పాండిచ్చేరియే తరచుగ వినవచ్చును. ముద్రిత గ్రంథమున ఇట్టి చోట ‘పాండిచ్చేరి — పుదుచ్చేరి చూడుడు’ అని ఒక పంక్తి వేయుదురు. ఒక్క పేరును మాత్రమే పట్టు గడిలో ఆ పంక్తికి తావు లేదు.

వీధులకు వచ్చినచో చిక్కు ఇంకను ముదురును. సముద్రతీరపు బాట పటములలో గూబేర్ అవెన్యూ, జనుల నోట బీచి రోడ్డు, ఫ్రెంచివారి నాడు కూర్ షబ్రోల్. నేటి నెహ్రూ వీధి ఒకప్పుడు ర్యూ డూప్లే. కాలువకు తూర్పున ర్యూ డ్యుమా, ర్యూ సఫ్రెన్, ర్యూ రొమె రొలా వంటి పేర్లు నేటికిని నిలిచియున్నవి. అచటి వీధిపలకలపై ఫ్రెంచి, తమిళము రెండును కానవచ్చును. ‘ర్యూ’ అన్నను ‘వీది’ అన్నను వీధియే. పలక మీద రెండు పేర్లకు చోటున్నది. నమోదు చేయువాడు మాత్రము తనకు గిరాకి తెచ్చు పేరునే యెన్నుకొనును. వసతిగృహపు యజమాని ‘ర్యూ’ అని వ్రాసికొనుటకు ఫ్రెంచి భాషాభిమానము కారణము కానక్కరలేదు. యాత్రికుడు వెదకునది ఆ మాటనే. ఇట్లు వెదకువాని మాట నమోదును, నమోదు మరల వెదకువాని మాటను బలపరచుచు పోవును. వ్యవహారము, శాసనము అనునవి రెండును పేర్లను నిలుపు శక్తులని మనమెరుగుదుము. ఈ మూడవ శక్తిని గూర్చి మన నామవిజ్ఞానమున చర్చ జరుగవలసియున్నది.

యానాం సంగతి దీనికంటెను విచిత్రము. పాలనాదృష్టితో అది పుదుచ్చేరిలోని భాగము. నేలను బట్టి గౌతమీ తీరమున, చుట్టును ఆంధ్రప్రదేశము గల తెలుగు ఊరు. పుదుచ్చేరి పట్టణమునకు దాదాపు 800 కిలోమీటర్ల దూరమున నున్నది. 1972 ఆగస్టు 15న దేశమున ప్రవేశపెట్టిన పిన్‌కోడు విధానము పాలనా సరిహద్దును కాక తపాలా మార్గమును అనుసరించినది. కనుక పుదుచ్చేరి పట్టణపు కోడు 605001 కాగా యానాం కోడు 533464, మాహే కోడు 673310. యానాంలోని అంగడివాడు ‘రాష్ట్రము’ గడిలో పుదుచ్చేరి యనియు, కోడు గడిలో 533464 అనియు వ్రాసినచో రెండును సత్యములే. కోడును బట్టి రాష్ట్రమును ఊహించు యంత్రమునకు మాత్రము అందొకటి తప్పుగా తోచును.

గూగుల్ బేస్ చిరకాలము నిలువలేదు. 2010 నాటికి అందలి వర్తకభాగము మర్చంట్ సెంటర్ అను సేవలో చేరెను. అందు అమ్మకపు సరకులకే చోటు. వంటకమునో మరియొక దానినో ఊరకే పంచుకొనువానికి లేదు. జనులచేత పటములను దిద్దించు మ్యాప్ మేకర్ 2008లో మొదలై 2017 మార్చిలో ముగిసెను. 2015లో కొందరు దానిలో ఆకతాయి బొమ్మలు గీయగా కొంతకాలము దానిని నిలిపివేయవలసి వచ్చెను. అంగళ్ళ నమోదులు మాత్రము 2014లో గూగుల్ మై బిజినెస్ అనియు, 2021 నుండి బిజినెస్ ప్రొఫైల్ అనియు పేర్లు మార్చుకొని సాగుచున్నవి. సేవ మూతపడినపుడు అందలి సరకుల జాబితాను వర్తకుడు మరల పంపుకొనును. ఉచితముగా ఒక ఊరి వాడుకపేరును చేర్చినవానికి ఆ శ్రద్ధ ఉండునని ఆశింపరాదు.

1965 నాటి పాండిచ్చేరి అధికారభాషా చట్టము తమిళమును అధికారభాషగా నిర్ణయించుచు, యానాంలో తెలుగును, మాహేలో మలయాళమును వాడుటకు అవకాశమిచ్చెను. కనుక యానాం వీధుల తెలుగు పేర్లకు కొంత శాసనబలము కలదు. పుదుచ్చేరి పట్టణములోని తెలుగు కుటుంబముల వాడుకకు అట్టి ఆధారము లేదు. ఆ పట్టణమున దుబాసీ పేర ఒక వీధి కలదు. దానిని తెలుగున రంగపిళ్ళ వీధి యని వ్రాయువారును, రంగపిళ్లై వీధి యని వ్రాయువారును కలరు. అచటి తెలుగువారు ఏమని పలుకుదురో వారి నోటనే విని వ్రాసికొనవలసియున్నది.