పాత కంప్యూటరు – క్రొత్త వ్యవస్థ



హైదరాబాదు రాంనగరున కాపురముండి, బడిపని విరమించిన పిదప శతకములకు టీకలు వ్రాసికొనుచున్నాను. ఆ వ్రాతలన్నియు నా పాత కంప్యూటరులో గలవు. దానిని నడపు విండోస్ 10 అను వ్యవస్థకు 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ రక్షణ సవరణలు నిలిచిపోయినవి. విండోస్ 11 కోరు భద్రతాంగము నా యంత్రమున లేదు. యంత్రము చెడలేదు; అయినను దానిని పాఱవేయుమని కొందఱు చెప్పిరి.

అప్పుడు లినక్సు మార్గము తెలిసినది. ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీని మూలభాగమును రచించెను. 1983లో రిచర్డ్ స్టాల్మన్ తలపెట్టిన గ్నూ పరికరములు దానికి తోడైనవి. మూలమును ఎవరైనను చదివి సవరింపవచ్చును. కావుననే రూపములు పెక్కు పుట్టినవి: డెబియన్, ఉబుంటు, ఫెడోరా, మింట్. మన హైదరాబాదు ‘స్వేచ్ఛ’ సంస్థవారును తెలుగులో నొక రూపము వెలువరించిరి. ఇన్నిటిని చూచి, నెల దినములు ఏదియు నెన్నుకొనలేక కూర్చుంటిని.

తుదకు వ్యాకరణమే దారి చూపినది. చిన్నయసూరి బాలవ్యాకరణమున ‘బహుళము’ అను మాట కలదు. కార్యము ఒకచో నిత్యము, ఒకచో వైకల్పికము, ఒకచో నిషేధము, ఒకచో అన్యవిధము అని దాని భావము. బాలురకు నేను ముందు నిత్యమునే నేర్పి, వికల్పములు పిదప చెప్పెడివాడను. ఇచ్చటను అంతియే. లోపలి మూలము అన్నిట లినక్సే, అది నిత్యము. తెర యలంకారము, ఉపకరణములు వైకల్పికములు. వానిని ఎప్పుడైనను మార్చుకొనవచ్చును. కావున ఎంపిక తప్పినను నష్టము స్వల్పము. వ్రాతలు పోవుటయే నిజమైన నష్టము.

అందుచే మొదట వ్రాతలన్నిటికి వేఱొక డిస్కులో నకలు తీసితిని. పిదప మింటును పెన్‌డ్రైవులో నెక్కించి, లోపలి విండోసును తాకక, దానినుండియే యంత్రమును నడిపి చూచితిని. తెరయు, ప్రింటరును, తెలుగు టైపును చక్కగా పనిచేసినవి. ఒక్క చిక్కు వచ్చినది: యూనికోడు కాని ఖతులతో కొట్టిన నా టీకలు అర్థములేని ఆంగ్లాక్షరములై కనబడినవి. గుండె ఝల్లుమన్నది. కాని వ్రాత పోలేదు, సంకేతము మాత్రమే వేఱు. విండోసు ఉండగనే వానిని యూనికోడులోనికి మార్చికొని, సరిచూచికొని, ఆ తరువాతనే లినక్సును స్థిరపఱచితిని.

మీ యిండ్లలో మనుమల పాత యంత్రమున్నచో ఈ వరుసనే పాటింపుడు: నకలు, పరీక్ష, మార్పిడి, స్థాపన. ఏ రూపము మేలన్న తర్కమును అరుగుమీది తీరిక వేళకు ఉంచుడు.