సెలెరాన్: ఓ చౌక ప్రాసెసర్ జీవితకథ

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు కంప్యూటర్ కొనాలంటే మొదట అడిగేది ఒకటే: "అన్నా, తక్కువలో ఐ5 ఏదైనా ఉందా?" పేరు చూసి చిప్పు కొనడం ఎంత ప్రమాదమో 1998లో పుట్టిన సెలెరాన్‌ను చూస్తే తెలుస్తుంది.

పెంటియం-2 ధర అందనివాళ్ల కోసం ఆ ఏప్రిల్‌లో ఇంటెల్ దాన్ని తెచ్చింది. లోపలి చిప్పు పెంటియందే. ఖర్చు తగ్గించడానికి 512 కేబీ ఎల్2 క్యాష్‌ను మొత్తంగా పీకేశారు. 266 మెగాహెర్ట్జ్ వేగం ఉండి ఏం లాభం? ప్రాసెసర్ ముందు ర్యామ్ బాగా నిదానం. మాటిమాటికీ కావలసిన డేటా చేతికందేలా ఉంచేదే క్యాష్. అది లేదంటే, పొయ్యి పక్కన పోపులపెట్టె లేక ప్రతి ఆవగింజకీ సామాన్ల గదికి పరిగెత్తినట్టే. సమీక్షకులు ఆ సెలెరాన్‌ను ఉతికి ఆరేశారు.

ఆగస్టుకల్లా సెలెరాన్ 300ఏ వచ్చింది. ఈసారి 128 కేబీ క్యాష్‌ను చిప్పులోనే కలిపేశారు. పెంటియం-2 క్యాష్ దీనికి నాలుగింతలు, కానీ ప్రాసెసర్ వేగంలో సగంతోనే నడిచేది. ఇది పూర్తి వేగంతో నడిచింది. పైగా దీని గుణకం 4.5, అంటే మదర్‌బోర్డు క్లాకుకు నాలుగున్నర రెట్ల వేగం. మదర్‌బోర్డు క్లాకును 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి పెంచితే 300 కాస్తా 450 అయ్యేది. చాలా చిప్పులు దాన్ని తట్టుకున్నాయి కూడా. చౌక ప్రాసెసర్లలో ఇంత మంచి సరుకు మళ్లీ రాలేదని నా నమ్మకం. ఒకే పేరు, నాలుగు నెలల తేడా, పనితనంలో మాత్రం పోలికే లేదు. 2023 నుంచి కొత్త ల్యాప్‌టాప్ చిప్పులకు ఇంటెల్ ఆ పేరు పెట్టడం మానేసింది.

ఇప్పుడు "తక్కువలో ఐ5" అంటే ఎక్కువగా దొరికేది ఆఫీసుల్లో వాడి తీసేసిన డెస్క్‌టాప్. అందులో 2013 నాటి ఐ5-4570 ఉందనుకోండి: నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు, 6 ఎంబీ క్యాష్. 2022లో వచ్చిన ఐ3-12100కీ నాలుగు కోర్లే, కానీ ఎనిమిది థ్రెడ్లు, 12 ఎంబీ క్యాష్. వేగంలో పాత ఐ5 దీని దరిదాపుల్లోకి రాదు. పైగా ఆ ఐ5 నాలుగో జనరేషన్‌ది, దాన్ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది.

కాబట్టి షాపులో ముందు జనరేషన్ అడగండి. సెకండ్‌హ్యాండ్ ఇంటెల్ అయితే ఎనిమిదికి తగ్గొద్దు. కొత్త ఇంటెల్ చిప్పు పేరు చివర 'ఎఫ్' ఉంటే దానిలో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు విడిగా కొనాలి. ఆ డబ్బు లేకపోతే 'ఎఫ్' లేనిదో, ఏఎండీలో రైజెన్ 5 5600జి లాంటిదో తీసుకోండి.