హోంవర్కుకూ ఒక కొలత ఉండాలి



పిల్లలు బడి నుంచి రాగానే మనం అడిగే మొదటి ప్రశ్న, "హోంవర్కు ఎంత ఇచ్చారు?" అని. ఎక్కువ ఇచ్చారంటే బడిలో చదువు బాగా చెబుతున్నారని సంతోషిస్తాం. ఏమీ ఇవ్వలేదంటే అనుమానపడతాం. మరి హోంవర్కు ఎంత ఎక్కువైతే చదువు అంత ఎక్కువ వస్తుందా? పిల్లల ఆరోగ్యం సంగతేమిటి? ఈవేళ ఈ విషయం ఆలోచిద్దాం.

ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. పిల్లలకైనా రోజుకు ఉన్నవి 24 గంటలే. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళు 8 నుంచి 10 గంటలు నిద్రపోవాలని వైద్యులు చెబుతారు. ఒళ్ళు అలిసేలా రోజుకు సుమారు గంటసేపు ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నిద్రకు 10 గంటలు, బడికీ రాకపోకలకూ 8 గంటలు, ఆటకు ఒక గంట వేసుకుంటే 19 గంటలు అయిపోయాయి. స్నానం, భోజనం, ఇంట్లో చిన్నాచితకా పనులు అన్నీ మిగిలిన 5 గంటల్లోనే జరగాలి. ఆడపిల్లలైతే నీళ్ళు తేవడం, తమ్ముణ్ణి ఎత్తుకోవడం కూడా వాళ్ళ వంతే అవుతుంది. ఇందులో రెండు మూడు గంటల హోంవర్కు వచ్చిపడితే ముందు ఆట పోతుంది, తర్వాత నిద్ర తగ్గుతుంది.

నిద్ర తగ్గిన పిల్లలకు మరునాడు పాఠం మీద మనసు నిలవదు. చదివింది గుర్తుండదు. చీటికీ మాటికీ చిరాకు పడతారు. పొద్దున బడికి బయలుదేరే వేళకే తలనొప్పి, కడుపునొప్పి అంటారు. దాన్ని దొంగ నొప్పి అని కొట్టిపారేయకండి, భయం వల్ల కూడా నిజంగానే నొప్పి వస్తుంది. ఆట తగ్గితే కళ్ళకూ నష్టమే. చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరంలో కొన్ని బడుల పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచి చూశారు. మూడేళ్ళలో ఆ బడుల్లో నూటికి 30 మందికి హ్రస్వదృష్టి వస్తే, మామూలు బడుల్లో 39 మందికి పైగా వచ్చింది. ఈ ఫలితాలు 2015లో వెలువడ్డాయి.

అయితే హోంవర్కు అసలే వద్దని కాదు. హారిస్ కూపర్ అనే అమెరికా పరిశోధకుడు, ఆయన సహచరులు అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించి 2006లో ఒక సంగతి చెప్పారు. పెద్ద తరగతుల్లో హోంవర్కుకూ మార్కులకూ సంబంధం కనిపిస్తోంది. చిన్న తరగతుల్లో ఆ సంబంధం చాలా స్వల్పం.

మన దేశంలో కూడా ఈ కొలత ఎప్పుడో చెప్పారు. పిల్లలపై చదువు బరువు తగ్గించాలని ప్రొఫెసర్ యశ్‌పాల్ కమిటీ 1993లోనే నివేదిక ఇచ్చింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక, 2020 స్కూల్ బ్యాగ్ విధానం ఒకే మాట అన్నాయి. 2వ తరగతి వరకు హోంవర్కు వద్దు. 3 నుంచి 5 వరకు వారానికి 2 గంటలు. వారానికి సుమా, రోజుకు కాదు! 6 నుంచి 8 వరకు రోజుకు ఒక గంట. ఆపై తరగతులకు రోజుకు 2 గంటలు.

ఇక్కడ మన సరిహద్దు జిల్లాల సంగతి వేరుగా చెప్పుకోవాలి. మన ఇంట్లో తెలుగు. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో, ఇంగ్లీషో. లెక్క చేయడానికి ముందు ఆ లెక్క ఏమి అడుగుతోందో మన పిల్లలు ఇంటి భాషలోకి మార్చుకోవాలి. పక్కింటి పిల్లకు అరగంట పట్టే పని మన పిల్లకు గంట పట్టవచ్చు. అది మందబుద్ధి కాదు, రెండు పనులు చేస్తోందన్నమాట. బళ్ళారిలోనో, కోలారులోనో తెలుగు చదివిన తల్లి కన్నడ అక్షరాలను కూడబలుక్కోగలదు, రెండు లిపులకూ పోలిక ఉంది గనుక. హోసూరులో తమిళం, రాయగడలో ఒడియా ఎదురైతే ఆ ఆసరా కూడా లేదు. దాంతో ట్యూషనుకు పంపుతాం. మరో గంటన్నర అక్కడ పోతుంది. లేకపోతే పిల్లలు స్నేహితుల పుస్తకం చూసి ఎక్కిస్తారు. పేజీలు నిండుతాయి గాని, చదువు వంటబట్టదు.

మరి మనం ఏం చేయగలం? ఒక వారంపాటు పిల్లలు హోంవర్కుకు కూర్చున్న వేళ, లేచిన వేళ గోడమీది క్యాలెండరులో రాయండి. ఇందాక చెప్పిన కొలతతో పోల్చి చూడండి. మించితే ఆ కాగితం తీసుకుని టీచరుగారి దగ్గరకు వెళ్ళండి. తగవుకు కాదు, సంగతి తెలియజేయడానికి. ఎవరి సబ్జెక్టుకు వారు కొంచెమే ఇస్తారు. అన్నీ కలిస్తే ఎంతవుతుందో వాళ్ళకూ తెలియకపోవచ్చు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో కూడా చెప్పండి.

మీకు ఆ లిపి రాకపోయినా ఫరవాలేదు. "ఈవేళ పాఠంలో ఏముందో నాకు తెలుగులో చెప్పమ్మా" అని అడగండి. తెలుగులో విడమరిచి చెప్పగలిగితే పాఠం అర్థమైనట్టే. చెప్పలేకపోతే ఎక్కడ ఆగిందో మీకు తెలుస్తుంది, టీచరుగారికి చెప్పవచ్చు. పడుకునే వేళ అయితే పని మిగిలినా పుస్తకం మూయించండి. "నిద్రవేళ అయింది, ఇంతవరకే అయింది" అని ఒక వాక్యం రాసి పంపండి. తెలుగు అక్షరాలు నేర్పాలనుకుంటే మంచిదే గాని, దాన్ని మరో హోంవర్కు చేయకండి. పెళ్ళి శుభలేఖ, బస్సు మీది బోర్డు, నాయనమ్మ చెప్పే కథ, ఇవి చాలు.

రేపటి పాఠం రేపు బడిలో మళ్ళీ చెప్పించుకోవచ్చు. ఈ రాత్రి పోయిన నిద్ర, ఈ సాయంత్రం పోయిన ఆట మాత్రం పిల్లలకు మళ్ళీ తెచ్చి ఇవ్వలేం.